నోటికి రాని పేరు

కిందటి వారం సత్యరాజు చేత రైలు మెట్టు మీద ఒక కాలు, ప్లాట్‌ఫారం మీద ఒక కాలు వేయించి, అలాగే వదిలేసి ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. వారం రోజులుగా ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి. ముందు ఆయన్ని కిందికి దింపుదాం.

దిగాడు. శ్రీకాకుళం రోడ్ స్టేషను. పేరు శ్రీకాకుళానిది, కాపురం ఆమదాలవలసలో. పేరొకచోట, ఊరొకచోట. ఆ లెక్కన స్టేషనూ సత్యరాజూ ఒకే గోత్రం. ఆయన పేరులో సత్యం ఉంది, రాజు ఉన్నాడు. మనిషిని ఎంత గాలించినా రెండూ దొరకవు. విజయనగరంలో ఉన్న భార్య జ్ఞానసుందరికి ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. చర్చిలో పాస్టరు గారికీ ఏజెంటే. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకుంటున్న కూతురు షీబాకీ ఏజెంటే. ఒక్క రమేష్‌బాబుకి మాత్రం డస్టరు.

నాగావళి ఇసుకని దొంగతనంగా లారీలకెత్తించే రమేష్‌బాబు ముఠాలో డస్టరంటే బోర్డు తుడిచే గుడ్డ కాదు, బుర్ర తుడిచే మనిషి. ఎదుటివాళ్ళ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, చిటికెన వేలు లోపలికి మడిచి, వాళ్ళ చేత ఒక పేరు తలపించి, ఆ పేరుకి ముడిపడ్డ జ్ఞాపకాలన్నిటినీ చీర అంచులోంచి దారం లాగినట్టు లాగేయడం సత్యరాజుకి పుట్టుకతో వచ్చిన విద్య. పైకి జీవితాలకు బీమా, లోపల జ్ఞాపకాలకు ధీమా లేకుండా చేయడం. సాక్షి ఉన్నచోట సాకు మిగల్చడం. ఇదీ ఉద్యోగం.

మొన్న వానాకాలంలో, ఇసుక రేవులో లారీలకు అడ్డంగా ఆడవాళ్ళని కూర్చోబెట్టిన అమ్మడు అనే ఆవిడని ఒక లారీ తొక్కేసింది. ప్రమాదమన్నారు. ప్రమాదం కాదు, పథకం. ముఠా వాళ్ళు కాక, కళ్ళారా చూసింది నారాయణమ్మ ఒక్కతే. మర్నాడు సత్యరాజు ముక్కూమొహం తెలియని ఆ ఇంటికి పరామర్శ పేరుతో వెళ్ళి, నారాయణమ్మ చెయ్యి పట్టుకుని, అమ్మడు పేరు తలపించి, దారం లాగేసి, పని అయిపోయిందని ఫోన్ చేసి, ఇంటికెళ్ళి వేడివేడిగా భోంచేశాడు.

ఇప్పుడేమో రేపు కోర్టులో జడ్జిగారి ఎదుట నారాయణమ్మ జరిగింది జరిగినట్టు చెప్పబోతోందని కబురు. తుడిచిన బోర్డు మీద అక్షరాలెలా మొలిచాయి? చూసి, మిగిలింది తుడిచి రమ్మని రమేష్‌బాబు తోలాడు. రేవు సంగతి రేపు బయటపడకూడదు. అందుకే సత్యరాజు ఈ ఉదయం ఈ ప్లాట్‌ఫారం మీద దిగాడు.

పుస్తకాల కొట్టు పక్కన, గోనె పరుచుకుని, ఉడకబెట్టిన తేగలు కట్టలు కట్టి అమ్ముకుంటూ కూర్చుంది నారాయణమ్మ. అరవై దాటిన మనిషి. పొగలు కక్కే గిన్నె మీద తడిగుడ్డ. సత్యరాజు ఎవరో బాటసారిలా ఓరగా చూస్తూ నడిచాడు. తుడుపు అయ్యాక, చివర్లో తన మొహం కూడా తుడిచి రావడం ఆయన అలవాటు. కనక ఆవిడకి తను గుర్తుండడు.

"ఓలమ్మ! మీరేటి బాబూ! రండి, రండి, ఇలాగొచ్చి కూకోండి."

సత్యరాజు గుండె ఒకసారి ప్లాట్‌ఫారం దిగి పట్టాల మీద పడి మళ్ళీ ఎక్కింది. ఆ రోజు ఆకలి మీదుండి ఆఖరి పని మరిచిపోయాడన్నమాట. మరపు అమ్ముకునేవాడికి మరపు!

"నన్ను గుర్తుపట్టావా అమ్మా?"

"పట్టకపోడమేటి? మా నేస్తం పోనాదని ఊరంతా వొచ్చినారు. నుంచున్నారు, అయ్యో అన్నారు, ఎల్లిపోనారు. మీరొక్కలే నా సెయ్యట్టుకున్నారు. నా కాడ ఎంతసేపు కూకున్నారో! ఆ సెయ్యి నాను ఎలాగ మర్సిపోతాను బాబూ?"

సత్యరాజుకి ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. జేబులో పెట్టుకున్నాడు. జేబులో ఉంటే దొంగసొత్తులా ఉంది, తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నారాయణమ్మ ఒక తేగ చీల్చి, నార లాగి, లోపలి మెత్తటి ముక్క ఆ చేతిలోనే పెట్టింది.

"మా గేగులు బాగుంటాయి, తినండి. ఏటి బాబూ, అలాగైపోనారు? ఒంట్లో బాగోలేదేటి?"

"ప్రయాణం." ముక్క నోట్లో పెట్టుకుని, అందాకా కాలం గడిపి, అడగవలసింది అడిగాడు. "రేపు కోర్టుకి వెళ్తున్నావట?"

"ఎల్తన్నాను."

"ఏం చెప్తావు?"

"సూసింది సెప్తాను. ఇంకేటి సెప్తాను?" నారాయణమ్మ గిన్నె మీద గుడ్డ సర్దింది. "నాను అన్నం కేరేజీ అట్టుకుని రేవులోకి దిగుతన్నాను. మిగతా ఆడోలంతా కూటికి ఎల్లినారు, మా నేస్తం ఒక్కత్తే లారీ ముందల కూకునుంది. డ్రైవరు ఏటి సెయ్యాలో తెలక దిగిపోనాడు. అప్పుడు నరేష్ ఎక్కినాడు, ఆ రమేష్‌బాబు తమ్ముడు. మా నేస్తాన్ని సూసినాడు. నన్నూ సూసినాడు. సూసి నవ్వినాడు బాబూ. నవ్వి, బండి ఎనక్కి తీసినాడు. ఎల్లిపోతన్నాడు కాబోలనుకున్నాను. ఎనక్కి తీసింది ముందుకి తేడానికని నాకేటి తెల్సు?"

అక్కడ ఆగిపోయింది. ఒక కట్ట విప్పి, అవే తేగలు మళ్ళీ కట్టింది.

సత్యరాజు నోట్లో తేగ నార చుట్టుకుపోయింది. ఒక్క పోగు కూడా పోలేదు! లారీ ఉంది, నరేష్ ఉన్నాడు, నవ్వు కూడా ఉంది. మరి తను లాగిందేమిటి? ఆ రోజు దారం చాలా పొట్టిగా వచ్చింది. పల్లెటూరి మనసు, ఇందులో ఇంతకన్నా ఏముంటుందిలే అనుకున్నాడు. తొందరగా ఇంటికెళ్ళొచ్చని సంతోషించాడు కూడా.

"మీ నేస్తం పేరేంటమ్మా?" అన్నాడు, నెమ్మదిగా.

నారాయణమ్మ చప్పున చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు కూడా ఇలాగే పెట్టుకుంది. 'అమ్మడు గారిని తలుచుకో' అని తను అంటే, నోరు మూసుకుని తలూపింది. దుఃఖమనుకున్నాడు.

"ఆ పేరు నాను అనకూడదు బాబూ. అమ్మోరి కాడ నేస్తం కట్టుకున్నోలం. జాతరలో దాని సేతిలో పెసాదం నాను తిన్నాను, నా సేతిలోది అది తిన్నాది. అప్పటికి లంగాలు కట్టుకునే గుంటలం. ఆ పొద్దు నుంచి అది నాకు నేస్తం, నాను దానికి నేస్తం. పేరెట్టి పిలవకూడదు. కోపమొస్తే మొగుడి పేరైనా అనేసినాను గానీ దాని పేరు ఎన్నడూ అన్లేదు."

"పైకి సరే. లోపల అనుకోడానికేం?"

"బాగుంది! అమ్మోరు ఉండీది లోపలే గదేటి?"

సత్యరాజు కళ్ళ ముందు లోకం ఒక్క తిరుగుడు తిరిగింది. నేస్తరికం ఆయనకి తెలియనిదేం కాదు. ఈ జిల్లాల్లో పుట్టినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆయన తాతమ్మకి కూడా ఒక నేస్తం ఉండేది. ఆవిడ అసలు పేరేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఎవరూ తుడవకుండానే తుడిచిపెట్టుకుపోయింది ఆయన బుర్రలోంచి. టౌనుకొచ్చి, టై కట్టుకుని, కట్టుబాట్లు మరిచిన బుర్ర! అమ్మడు అనే పేరు పట్టుకుని లాగాడు. కానీ నారాయణమ్మ బతుకంతా ఆ పేరుకి ముడిపడి లేదు. నేస్తం అనే మాటకి ముడిపడి ఉంది. పేరుకి ముడిపడ్డది, పేరు ఇంకా నోట ఆడిన రోజులు మాత్రమే. జాతరకి ముందు రోజులు. చిన్ననాటి రోజులు.

హత్యని వదిలేసి బాల్యాన్ని పట్టుకుపోయాడు.

"గానీ ఒక సిత్రం బాబూ," అంది నారాయణమ్మ, గొంతు తగ్గించి. "మీకు సెప్తే నవ్వుతారో ఏటో. అది పోయిన కాడి నుంచి, జాతరకి ముందర ఏటీ గేపకం రాటంలేదు. పెసాదం తిన్నది తెలస్తాది. దానికి ముందర అది నాకు ఎలాగ తెల్సు? ఎందుకు దాన్తోనే నేస్తం కట్టినాను? ఊర్లో అంతమంది గుంటలున్నారు గదా. మా తమ్ముడు నూకయ్యని అడిగినాను. ఒయిసైపోనాది నీకు, అన్నాడు. ఒయిసైతే అంతా పోవాల గదా, అదొక్కటే పోద్దేటి? కళ్ళు మూస్తే దాని ముసిలి మొకమే వస్తాది. సిన్నప్పటి మొకం రాదు."

సత్యరాజు తల వంచుకుని తేగ నారని వేలికి చుట్టుకుంటున్నాడు.

"ఆ పొద్దు మీతో ఏటేటో సెప్పుంటాను, ఏడుపులో. సిన్నప్పటి ముక్క ఏటైనా సెప్పినానా? సెప్పుంటే నాకు మల్ల సెప్పండి బాబూ. మీకు పున్నెముంటాది."

చెప్పలేదు. ఆవిడ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కానీ ఆయన దగ్గర ఉంది. లాగిన దారం ఎక్కడికీ పోదు, లాగినవాడి లోపల చుట్టుకుని పడి ఉంటుంది. సత్యరాజు బుర్ర నిండా ఇలాంటి ఊరివాళ్ళ ఉండలే. అందులో ఈవిడ ఉండ చిన్నది, తెల్లది, ఇంకా వెచ్చగా ఉంది.

"చెప్పావమ్మా," అన్నాడు. అబద్ధాల్లో ఆయనకి అది ఎన్నివేలోదో, కానీ గొంతులో అడ్డం పడ్డది ఇదొక్కటే. "నీ కాల్లో తుమ్మముల్లు దిగిందట. ఏటి ఇసకలో. ఎండకి ఇసక కాలిపోతోంది, నువ్వు నడవలేక ఏడుస్తున్నావట. మిగతా పిల్లలంతా నవ్వి పరిగెత్తారు. ఆ అమ్మాయి మాత్రం వెనక్కొచ్చి, నిన్ను వీపు మీద ఎక్కించుకుంది. నీకన్నా బక్కపిల్లట. నువ్వు ఎక్కి ఊరుకున్నావా? రెండు జడలూ పగ్గాల్లా పట్టుకుని, ఒడ్డుదాకా, హై హై అని ఎద్దుని తోలినట్టు తోలావట."

నారాయణమ్మ నోరు తెరుచుకుని వింది. తర్వాత ఒక నవ్వు వచ్చింది. పిల్లనవ్వు. అరవై దాటిన ముఖంలోంచి, ఎక్కడో తప్పిపోయి ఇప్పుడే దారి దొరికినట్టు.

"హై హై అన్నానేటి? దాన్ని?"

"అన్నావు."

"ఓలమ్మ నేస్తమా! నిన్నెంత ఏపించీసినాను!" నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇది మీతో నాను సెప్పినట్టే గేపకం లేదు. సూసినారా? మీ కాడ దాసుంచినారు, బాబూ. నాకోసం దాసుంచినారు."

అని, ఒళ్ళో ముడుచుకుని ఉన్న ఆయన చేతిని లాక్కుని, కళ్ళకద్దుకుంది.

దొంగిలించిన చెంబులోంచి గుక్కెడు నీళ్ళు, చెంబు స్వంతదారుకే పోసి, దణ్ణం పెట్టించుకున్నట్టయింది. సిగ్గుతో తల దించుకుంటారంటారు. ఇన్ని తలలు తుడిచినవాడికి తన తల ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆవిడ మణికట్టు ఆయన వేళ్ళ కిందే ఉంది. ఇప్పుడు 'నేస్తం' అనే ఒక్క మాట చాలు. ఒక్క క్షణం చాలు. లారీ పోతుంది, నరేష్ పోతాడు, రేపు లేకుండా పోతుంది. వీపు మీద మోసిన పిల్ల కూడా, ముసలి ముఖంతో సహా, ఎక్కడా లేకుండా పోతుంది.

వేళ్ళు తీసేశాడు.

ఫోను మోగింది. రమేష్‌బాబు. "ఇప్పుడే వస్తానమ్మా," అని లేచి, మంచినీళ్ళ కుళాయి దాటి, స్తంభం చాటుకి వెళ్ళాడు.

"ఏటి మాస్టారూ, అయిపోనాదా?"

"అయిపోయింది," అన్నాడు సత్యరాజు. "ఆవిడకేమీ గుర్తులేదు. రేపు కోర్టులో నోరు తెరిచినా మాట రాదు."

"అలాగేటి? వానాకాలంలోనూ ఇదే మాట సెప్పినారు. అయితే మొన్న టీకొట్టు కాడ మా నరేష్ నవ్విన నవ్వు కూడా వర్ణించి సెప్పింది ఎవులో?"

సత్యరాజు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ముసిలైపోనారు మాస్టారూ. తప్పు మీది కాదు, ఒయిసుది. పాత డస్టరు తుడిస్తే పొడే గానీ పోయీదేటుంది? మీకెందుకు శ్రమ, ఇంటికెల్లిపోండి. కొత్త డస్టరు తెచ్చినాం. మీలాగ దారాలు గీరాలు లాగదు. బోర్డే పీకేస్తాది. మొన్నొకడికి తుడిస్తే, నోట్లో ముద్దెట్టాక నమలాలా అని అడుగుతన్నాడు."

భయపడవలసిన చోటు అది. ప్రాధేయపడవలసిన చోటు. సత్యరాజుకి ముందు పొడుచుకొచ్చింది పౌరుషం. ఇన్నేళ్ళ పనితనాన్ని పొడి అంటాడా ఈ ఇసుక వ్యాపారి!

"నా తుడుపులో తప్పులేదు బాబూ! పేరులో ఉంది తప్పు. మీరిచ్చిన పేరు ఆవిడ బుర్రలో లేనే లేదు. వాళ్ళిద్దరూ నేస్తం కట్టుకున్నారు. పేరెట్టి తలుచుకోరు. నేస్తం అనే అడగాలి, లేకపోతే ఎంత గొప్ప డస్టరైనా..."

అప్పటికి వినబడింది ఆయన చెవికి ఆయన గొంతు.

అవతల రమేష్‌బాబు చాలా మర్యాదగా అన్నాడు. "ఓహో. నేస్తం. మంచి మాట సెప్పినారు మాస్టారూ. మీ అనుభవం ఎక్కడికి పోద్ది?"

ఫోను పెట్టేశాడు.

వేలితో మనసులు దోచినవాడు, నోటితో ప్రాణం వేలం వేసేశాడు. సత్యరాజు స్తంభానికి చేతులానించి, దానికన్నా గట్టిగా స్తంభించిపోయాడు. తర్వాత కదలిక వచ్చింది. నారాయణమ్మని లేపాలి. గోనె, గిన్నె ఇక్కడే వదిలేసి, వచ్చే పాసింజరు ఎక్కించి విజయనగరం తీసుకుపోవాలి. ఇంట్లో పెట్టాలి. జ్ఞానసుందరి ఎవరని అడుగుతుంది. ఏదో చెప్పాలి. ఏదోటి చెప్పడం వచ్చినవాడేగా!

అడుగు వేయబోయి, గేటు వైపు చూసి, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

షీబా వస్తోంది.

బులుగు చుడీదారు, భుజాన సంచి, సంచికి వేలాడుతూ చిన్న కాగితం నక్షత్రం. ఎచ్చెర్ల పిల్లలు ఇళ్ళకి వెళ్ళేది ఈ స్టేషను నుంచే. ఉదయం తల్లికి ఫోన్ చేసి, క్లాసులున్నాయి, పండగ ముందురోజే వస్తానంది. మనసు మార్చుకుని, చెప్పకుండా వచ్చి అమ్మని ఆశ్చర్యపరుద్దామనుకుందేమో. అంత కంగారులోనూ సత్యరాజుకి కూతుర్ని చూడగానే గుండె మెత్తబడింది. చిన్నప్పుడు తండ్రికి తలనొప్పి వస్తే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేది. 'తీసేశాను డాడీ' అనేది. నిజంగానే పోయేది. దేనికొచ్చిన తలనొప్పో కూడా తర్వాత గుర్తొచ్చేది కాదు. పిల్లల ముద్దు, ముద్దుల్లో మందు, అని మురిసిపోయేవాడు.

ఇప్పుడు తనని ఇక్కడ చూస్తే? ఈ చేతుల్తో, ఈ మొహంతో? సత్యరాజు స్తంభం వెనక్కి ఇంకా జరిగాడు. పిల్ల రైలెక్కి వెళ్ళిపోతే, అప్పుడు నారాయణమ్మని తీసుకుపోవచ్చు. ఒక్క రైలు.

షీబా చేతిలో ఫోను మోగింది. ఆగి, ఎత్తి, వింది.

"ఆఁ, సార్." కొంచెం విని, "నేస్తమా? సరే, సార్. అర్థమైంది," అంది.

ఫోను సంచిలో వేసుకుంది. పట్టాల వైపు చూడలేదు. టికెట్టు కిటికీ వైపూ చూడలేదు. తిన్నగా పుస్తకాల కొట్టు పక్కకి నడిచి, గోనె పట్టా ముందు గొంతుక్కూర్చుంది.

"రా తల్లీ," అంది నారాయణమ్మ. ఇందాకటి నవ్వు ఇంకా ముఖం మీద ఆరలేదు. "గేగులు కావాలేటి? ఒకటి తిని సూడు, ఊరికే."

"తర్వాత తింటాను అమ్మమ్మా. నీ చెయ్యి చల్లగా ఉందే," అంటూ షీబా ఆ చెయ్యి అందుకుంది. మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించింది. చిటికెన వేలు లోపలికి మడిచింది. "మీ నేస్తం గురించి చెప్పవా?"

నారాయణమ్మ ముఖం వెలిగిపోయింది. ఎవరూ అడగని మాట ఒకే ఉదయం ఇద్దరు అడిగారు మరి.

"మా నేస్తమా? ఓలమ్మ, దాని గురించి సెప్పాలంటే..." అని కళ్ళు మూసుకుంది, తలుచుకోడానికి.

సత్యరాజు నోరు తెరిచాడు. ఆపాలంటే ఒకే ఒక్క పేరు గట్టిగా అరిస్తే చాలు. తనే పెట్టుకున్న పేరు, లోకంలో తనకి అన్నిటికన్నా తియ్యనైన పేరు. అరిస్తే ఆ పిల్ల తల తిప్పి చూస్తుంది. చూస్తే తండ్రి ఎవరో కూతురికి తెలుస్తుంది.

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. నోటికి రాలేదు.